త్రిమూర్తులుగారికి తెలియని పేరు

మా మావయ్యగారు త్రిమూర్తులుగారికి ఊళ్ళో ఎవరి వంశమైనా నోటికొచ్చు. ఇది పొగడ్త కాదు, ఆరేళ్ళుగా ఆయన కోడలిగా నేను పడుతున్న బాధ. నా పెళ్ళిచూపులకి వచ్చి, కాఫీ గ్లాసు అందుకోకముందే, "మీ చినతాత తీర్థంలో తప్పిపోలేదమ్మా, నాటకాల కంపెనీ వెంట పోయాడు" అని మా నాన్నగారి ముందే చెప్పిన మనిషి. మా ఇంట్లో యాభై ఏళ్ళుగా దాచిపెట్టిన సంగతి అది. మా అమ్మ కాఫీ పళ్ళెంతో సహా లోపలికి వెళ్ళిపోయింది.

ద్రాక్షారామం పక్కన మా ఊళ్ళో ఆయనకి నాలుగెకరాల వరి, కాస్త కొబ్బరితోట, ఒక వీధి అరుగు ఉన్నాయి. పొలం పని మధ్యాహ్నానికి అయిపోయేది, అరుగు పని రాత్రి భోజనాలదాకా సాగేది. ఎవరికి ఎవరు ఏమవుతారో, ఏ సంబంధానికి వరస కుదురుతుందో, ఎవరి గేదె ఏ ఏడు ఈనిందో అన్నీ అక్కడే తేలాలి. ఎవరైనా తడబడితే, "మీ తాత ముత్తాతల పేర్లు తెలీకుండా అన్నం ఎలా దిగుతుందయ్యా నీకు?" అని నలుగురిలో కడిగేసేవారు. అత్తయ్యగారినైతే మరీను. ఆవిడ ఉప్పు డబ్బా వెతుక్కుంటే చాలు, "దీనికి మతిమరుపు. నేను లేకపోతే ఇంటికి దారి కూడా మర్చిపోద్ది" అనేవారు. అత్తయ్యగారు వెతుకుతూనే ఉండేవారు. ఉప్పు దొరికాక కూరలో వేసేవారు.

రెండు వేల మూడులో గోదావరి పుష్కరాలొచ్చాయి. కోటిపల్లి రేవులో పెద్దలకి పిండాలు పెట్టాలంటే మూడు తరాల పేర్లు, మగవాళ్ళవీ ఆడవాళ్ళవీ, పంతులుగారికి చెప్పాలి. ఇంకేముంది, మావయ్యగారి పంట పండింది. ఊరు ఊరంతా మా అరుగు ముందే చేరింది. చివరికి, "మీరూ మాతో వచ్చేయండి బాబూ, అక్కడే కూర్చుని చెప్పేద్దురుగాని" అని ట్రాక్టరు కట్టించారు. ట్రక్కులో గడ్డి పరుచుకుని పాతికమందిమి ఎక్కాం. ఆయన మాత్రం డ్రైవరు పక్కన మడ్‌గార్డు మీద పెళ్ళికొడుకులా కూర్చున్నారు.

రేవులో ఇసకేస్తే రాలనంత జనం. గోదావరి ఎర్రగా, మెట్ల మీదికి పొంగి ఉంది. మైకులో తప్పిపోయినవాళ్ళ పేర్లు చదువుతూనే ఉన్నారు. మా పంతులుగారు గొడుగు కింద చాప వేసుకుని కూర్చుంటే, మావయ్యగారు పక్కనే చతికిలబడి ఒక్కొక్కరికే పేర్లు అందించడం మొదలుపెట్టారు.

"వీరాస్వామీ, మీ నాయనమ్మ వీరదుర్గ కాదయ్యా. ఆవిడ మీ తాతకి రెండో ఆవిడ. నీ సొంత నాయనమ్మ సుబ్బాయమ్మ."

వీరాస్వామి నోరెళ్ళబెట్టాడు. యాభై ఏళ్ళొచ్చాక నాయనమ్మ మారిపోయింది పాపం.

అందరివీ అయ్యాక ఆయన వంతు వచ్చింది. తడిపంచెతో, వేలికి దర్భ ఉంగరంతో ఠీవిగా కూర్చున్నారు. పైడిపాల గోత్రం అన్నారు. తండ్రి, తాత, ముత్తాత, తల్లి, అందరూ టకటకా వచ్చేశారు.

"మీ నాయనమ్మగారి పేరు?" అన్నారు పంతులుగారు.

"మామ్మండి."

"పేరు బాబూ."

"అదేనండి... మామ్మ" అని ఆగిపోయారు మావయ్యగారు.

ఆయన మొహంలో రంగు మారడం నేను చూశాను. ముందు నవ్వొచ్చింది, దాచను. తర్వాత నవ్వు రాలేదు. మూడేళ్ళప్పుడు తల్లి పోతే ఆయన్ని పెంచింది ఆ మామ్మే. ఆయన మామ్మ అన్నారు, ఊరంతా మామ్మ అంది. ముత్తవ్వ పేరు తెలుసు, ఎందుకంటే పొలం దస్తావేజులో ఉంది. మామ్మ పేరున సెంటు భూమి కూడా లేదు.

"తెలీకపోతే పేరు బదులు గోదావరి అనేసి వదిలెయ్యండి బాబూ. పొద్దుణ్ణించీ చాలామంది అలాగే అంటున్నారు" అన్నారు పంతులుగారు.

"ఎలా వదుల్తానండీ! నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. ఊళ్ళోవాళ్ళ మామ్మలందర్నీ పేరు పెట్టి పిలిచాను కదా ఇప్పటిదాకా. మా మామ్మొచ్చి, నా ముద్దేదిరా అంటే ఏం చెప్పను?" ఆయన పంచె సర్దుకుని ఇంకా గట్టిగా కూర్చున్నారు. "పేరు దొరికేదాకా ఇక్కణ్ణించి లేవను. పక్కన సోమేశ్వరస్వామి గుళ్ళోకీ రాను."

మా ఊరివాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వీరాస్వామి మాత్రం ఊరుకోలేదు. "మరి ఇన్నాళ్ళూ అన్నం ఎలా దిగిందండీ మీకు?" అన్నాడు.

మా ఆయన గణేష్‌బాబు కొత్తగా కొన్న సెల్‌ఫోను పట్టుకుని, సిగ్నల్ కోసం పై మెట్టెక్కి తణుకులో పాపాయి మామ్మగారికి ఫోన్ కొట్టాడు. ఆవిడ మావయ్యగారి మేనత్త, అంటే ఆ మామ్మకి సొంత కూతురు. ఎనభై దాటినా గొంతు తగ్గలేదు, కింద మెట్టు మీదున్న మాక్కూడా వినపడింది.

"మా అమ్మ పేరా? అమ్మేరా! అమ్మకి పేరేంటి?"

"తాతగారు ఏమని పిలిచేవారు?"

"ఒసేవ్ అనేవాడు. పండగపూట వేళాకోళమేంట్రా, పెట్టెయ్ ఫోను!"

ఇక దిక్కు లేదనుకున్నాం. అప్పుడు, ఇందాకణ్ణించీ వెనక మెట్టు మీద కూర్చుని చీర కొంగు పిండుకుంటున్న అత్తయ్యగారు లేచి వచ్చారు. స్నానానికి తెచ్చుకున్న ఇత్తడి చెంబు పంతులుగారి ముందు పెట్టారు.

"దీని మీదుందండి."

చెంబు మెడ చుట్టూ, అరిగిపోయిన చుక్కలతో కొట్టిన అక్షరాలున్నాయి. పంతులుగారు కళ్ళజోడు పైకెత్తి చదివారు. "అచ్చియమ్మ."

"మీ మామ్మగారి సారె సామానేనండి. పుట్టింటివాళ్ళు పేరు కొట్టించి పంపారు. చిన్న గుండిగ మీదా ఉంది. నలభయ్యేళ్ళుగా చింతపండేసి తోముతున్నాను" అన్నారు అత్తయ్యగారు.

"మరెప్పుడూ చెప్పలేదేంటే?"

"మతిమరుపుదాన్ని కదండీ. నన్నెవరు అడిగారు?"

రోజూ భోజనాల దగ్గర ఆ చెంబుతోనే మంచినీళ్ళు తాగే మనిషి, దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని అక్షరాల మీద వేలు పెట్టి తడుముకున్నారు. "అచ్చియమ్మ" అన్నారు మెల్లగా. తర్వాత గట్టిగా అన్నారు. తర్వాత అన్నంముద్ద చేతిలో పట్టుకుని చిన్నపిల్లాడిలా భోరుమన్నారు. నాకూ ఏడుపొచ్చింది. పంతులుగారే సర్దిచెప్పి, పిండం పెట్టించి లేపారు.

తర్వాత సోమేశ్వరస్వామి గుడికి బయలుదేరాం. క్యూలో మావయ్యగారు ఎవరి వంశమూ ఎత్తలేదు, ముందు నిలబడ్డాయన తనకి దూరపు చుట్టమని తెలిసి కూడా. మా వంతు వచ్చేసరికి అర్చకులు గోత్రం, పేర్లు అడిగారు. ఆయన వరసగా తన పేరు, మా ఆయన పేరు, నా పేరు చెప్పి, "మా ఇంటిది చిన్నమ్మాయి" అన్నారు.

"చిన్నమ్మాయి కాదండి" అన్నారు అత్తయ్యగారు.

మేమందరం అటు తిరిగాం. ఇంట్లో చిన్నమ్మాయే, రేషన్ కార్డులో చిన్నమ్మాయే. ఆరేళ్ళుగా ఆవిడ చేతి అన్నం తింటున్నాను, నాకు కూడా అంతకుమించి తెలియదు. సిగ్గేసింది.

"పుట్టింట్లో ముద్దుకి అలా అనేవారండి. నా పేరు మంగతాయారు."

"నాకెప్పుడూ చెప్పలేదే!" అన్నారు మావయ్యగారు.

"పెళ్ళిలో పంతులుగారు చదివారు. మీరప్పుడు మా పెదనాన్న ఏ ఊరి అల్లుడో మావాళ్ళకి చెప్తున్నారు." ఆవిడ గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. "ఇప్పుడే చెప్పేస్తున్నాను. రేపు నేను పోయాక, పుష్కరాలొస్తే అబ్బాయి ఫోన్లు పట్టుకుని మెట్లెక్కక్కర్లేదు."

మా ఆయన సెల్‌ఫోను జేబులో దాచేశాడు. వెనకవాళ్ళు తోస్తున్నారు, గంటలు మోగుతున్నాయి. అర్చకులకి వినపడలేదు. "ఏ పేరన్నారండీ?"

మావయ్యగారు గర్భగుడి దద్దరిల్లేలా అరిచారు. "మంగతాయారు!"

"అబ్బ, మెల్లగా అనండి. జనం వింటున్నారు" అని అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"విననీ" అని ఆయన మళ్ళీ అరిచారు.