తల ఊగే డచెస్, వెల్డన్ మణికట్టు

నేను మా పల్లె బడిలో ఎనిమిదో తరగతితో ఆపినవాణ్ణి. అయినా ఓక్లహోమాలో మా కౌంటీ పాముల సంఘానికి పంతొమ్మిదేళ్లు అధ్యక్షుణ్ణి, పదకొండు ప్రదర్శనలకు న్యాయనిర్ణేతను. పెద్ద చదువులవాళ్లు మూడు సమావేశాల్లో తేల్చలేని నియమాన్ని ఒక్క వాక్యంలో రాసిపెట్టాను: తన తిండి తాను పట్టుకోలేని పామును జతకట్టించడానికి యోగ్యతాపత్రం ఇవ్వరాదు. ఆ వాక్యం మొట్టమొదట తగిలింది నా స్నేహితుడు వెల్డన్ ప్రూయిట్‌కే.

వెల్డన్ ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపాడు. ఒక్క పిల్లవాడి ఒంటి మీదా గీత పడలేదు. రిటైరయ్యాక బాల్ పైథాన్ అనే చిన్నజాతి కొండచిలువలు పెంచసాగాడు. మోజంతా సాలెగూడు చారల రకం మీదే. ఆ చారలతోపాటే తల ఊగుడూ వస్తుంది. రెండూ ఒకే జన్యువు పని, విడదీయడం ఎవరి తరమూ కాలేదు. వెల్డన్ మాత్రం పద్నాలుగేళ్లుగా "ఇంకొక్క తరం ఆగండి" అంటూ వచ్చాడు. తరం తరానికీ చారలు తీరుగా వచ్చాయి, ఊగుడు అంతకంటే తీరుగా వచ్చింది. వాటి మొహం సరిగ్గా చూడబోయి సంఘంలో అందరికీ మెడ వంచడం అలవాటైంది. గోడకున్న ఫోటోలో పదిహేడు మందిమీ ఎడమకే వాలి ఉన్నాం.

ఆ ఏటి ప్రదర్శనకు అతను డచెస్ అనే ఆడపామును తెచ్చాడు. అది నెగ్గకపోతే ఈ రకాన్ని ఇక జతకట్టించనని భార్య ఓపల్‌కు మాటిచ్చి మరీ వచ్చాడు.

తిండి పట్టే పరీక్షలో ప్రతి పాముకూ అవకాశాలు మూడు. వేడినీళ్లలో కరిగించిన ఫ్రీజర్ ఎలుకను పట్టకారుతో అందించాడు. డచెస్ గురిచూసి నా టోపీని కరిచింది.

"గురి తప్పలేదు, నువ్వంటే దానికి అభిమానం," అన్నాడు వెల్డన్.

"అభిమానమైతే ముందు వదలమను!"

రెండోసారి తన తోకనే పట్టుకుంది. విడిపించేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి.

మూడోసారి తల ఎటు ఊగితే ఎలుకనూ అటే ఊపాడు. నాలుగు ఊపులకు రెండూ కలిశాయి. డచెస్ గబుక్కున పట్టేసింది. హాలంతా చప్పట్లు.

ఓపల్ లేచి నిలబడింది. "ఏమయ్యా, పట్టింది పామా, నువ్వా?"

"పామేనే! అందరూ చూశారుగా."

"నువ్వు చెయ్యి కదపకపోతే?"

వెల్డన్ నా పెన్ను వైపు చూశాడు. నియమం నాది, స్నేహితుడూ నావాడే. పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాను.

"రాసేయ్‌రా," అన్నాడు చివరికి. "తప్పిందని రాసేయ్. దీని పిల్లలందరికీ ఊపడానికి అన్ని చేతులు ఎక్కణ్ణుంచి తెస్తాను?"

ఆ సాయంత్రమే డచెస్‌కు జతగా ఉంచిన మగపామును వేరే గదిలోకి మార్చాడు. డచెస్ ఇప్పటికీ బొద్దుగా ఉంది, ఊపి ఊపి నోటికందిస్తాడు కాబట్టి. ఆ ఊపు అతని మణికట్టుకే అతుక్కుపోయింది. మొన్న వాళ్లింటికి వెళ్తే నాకు కాఫీ పోస్తున్న చెయ్యి అటూ ఇటూ ఊగుతోంది. ఓపల్ నాతో కబుర్లాడుతూనే నా కప్పును ఆ ధార వెంట అటూ ఇటూ జరిపింది. ఒక్క చుక్క కింద పడలేదు.