శెనగ చేనులోని పసుపుపూల గడ్డి

శెనగ చేనులో తీసిన కలుపును మా వైపు పారెయ్యరు, కట్టలు కట్టి పశువుకు తెస్తారు. భైంసా దగ్గర మా ఊళ్లో ఆ ఏడు చేలనిండా, గట్లమీద ఓ మూడాకుల మొక్క తెగ మొలిచింది. అడవి మెంతి అన్నారు అందరూ. మా అవ్వ, అంటే మా అమ్మ, నెల రోజులు చూడి బర్రెకు అదే వేసింది. బర్రె ఈనింది, నెత్తురు ఆగలేదు, పొద్దు గూకేసరికి పోయింది.

బాపు ఒక్క మాటే అన్నాడు. "నువ్వేసిన గడ్డే తిన్నది గద." ఆనాటి నుంచి అవ్వ కొట్టం వైపు పోలేదు.

నాకు ఒళ్లు మండింది. అసలేమిటో కూడా తెలియని గడ్డికి మా అవ్వ మాట పడాలా? దాని సంగతి తేల్చనిదే ఊరుకోనని పట్టుబట్టాను.

పెరట్లో మెంతి కొమ్మనూ, చేలో కొమ్మనూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆకులు అక్కచెల్లెళ్లే. పూలే వేరు. మెంతికి ఆకు సందుల్లో తెల్లగా ఒకటో రెండో పూస్తాయి, దీనికేమో చిన్న చిన్న పసుపుపూలు సన్నటి కంకిగా ఉన్నాయి. మెంతికాయ వేలెడు పొడుగు, దీనిది ఆవగింజంత. ఎండిన కొమ్మ వాసన చూస్తే తియ్యగా ఉంది. రెండూ కాగితంలో చుట్టుకుని పశువుల డాక్టర్ దగ్గరికి బస్సెక్కాను.

ఆయన చూడగానే గుర్తుపట్టాడు. "ఇది క్లోవర్ అనే మేతగడ్డి జాతి, ఎప్పుడో బయటినుంచి వచ్చింది. మరాఠోళ్లు రాన్‌మేథి అంటరు. పచ్చిది జరంత తింటే ఫికర్ లేదమ్మా. తడిమీద కుప్పేస్తే బూజు పడ్తది, అది రోజూ తింటే నెత్తురు గడ్డకట్టదు. మీరెట్ల దాచిండ్రు?"

రోజూ చేనుకు ఎవరు పోతారని, మంచు తడి ఆరకముందే కోసుకొచ్చి, కొట్టంలో చీకటి మూలన కుప్ప వేసి టార్పాలిన్ కప్పింది నేనే. "జర ఎండనియ్యి బిడ్డా" అని అవ్వ అన్నా వినలేదు.

బస్సులో సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అయినా చెప్పే తీరాలనుకున్నాను. ఇంటికి రాగానే బాపు ముందర నిలబడ్డాను.

"గడ్డి ఖరాబు చేసింది అవ్వ కాదు బాపూ. తడిది కుప్పేసింది నేను."

బాపు అవ్వ వైపు చూశాడు. అవ్వ చాటలో బియ్యం ఏరుతూనే ఉంది.

"బర్రె పోయిననాడే కుప్ప ఇప్పి చూసిన, నడుమంత బూజే" అంది. "నాకెరుకే, బిడ్డా."