వంకాయ రంగు తాత

ఆ రోజుల్లో మా వైపు ఎవరికి ఎప్పుడు ఎలా దండం పెట్టాలో తెలుసుకోవడమే అన్నిటికన్నా పెద్ద చదువు. నిజాం రాజ్యం పోయిన చలికాలం సంగతి చెబుతున్నాను. సూర్యాపేట పక్క పల్లెలో మా మిషను బడి. మా పెద్ద పంతులు గోడ మీద నిజాం పటం మార్చాడు గానీ మేకు మార్చలేదు. మళ్లీ ఎప్పుడు అవసరం పడుతుందోనని పాత పటాన్ని బియ్యం డబ్బా వెనక భద్రంగా దాచాడు. (నేను చూశాను. చూడనట్టు ఉండిపోయాను. ఆ చదువులో అదొక పాఠం.) దొరల భూములు పంచుతామని అడవి పట్టిన ఎర్రజెండా సంఘంవాళ్లు రాత్రిపూట వచ్చి "పగలు ఎవరొచ్చారు" అని అడిగేవారు. వాళ్లను పట్టుకోవడానికి దిగిన మిలిటరీ క్యాంపువాళ్లు పగటిపూట వచ్చి "రాత్రి ఎవరొచ్చారు" అని అడిగేవారు. ఊరు అడకత్తెరలో పోకచెక్క అయి, ఇద్దరికీ ఒకటే జవాబు నేర్చుకుంది: "మేము నిద్రపోతున్నం దొరా." పగటి సంగతి అడిగినా అదే జవాబు.

ఆ ఊళ్లో నేను చిన్న తరగతి పంతులమ్మను. కోదాడ పిల్లను, బెజవాడలో ట్రైనింగయి వచ్చినదాన్ని, పందొమ్మిదేళ్లదాన్ని. లోకంలో నాకు తెలియనిది ఏదైనా ఉంటే అది తెలుసుకోదగ్గది కాదని నా నమ్మకం. నేను నోరు విప్పితే చాలు, పిల్లలు "పంతులమ్మ ఆంధ్ర మాట మాట్లాడుతది" అని కిసుక్కున నవ్వేవారు. ఆ నవ్వు మానిపించి నా గొప్ప చూపించుకోవడానికి ఏదైనా ఆయుధం దొరుకుతుందా అని చూస్తున్న సమయంలో, మిర్యాలగూడ వెళ్లినప్పుడు మిషను దొరసానమ్మ నా చేతిలో ఒక క్రిస్మస్ బొమ్మల పుస్తకం పెట్టింది. సముద్రాలు దాటి వచ్చిన పుస్తకం. అట్ట నున్నగా అద్దంలా ఉంది. "పిల్లలతో కలిసి చూడు" అని మరీ మరీ చెప్పింది. మా పెద్ద పంతులు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పిల్లల చేతులు పడితే మాస్తది" అని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆయన లెక్కలో పుస్తకం బాగుండాలంటే ఎవరూ చదవకూడదు. ఆయన వెంటపడి, బతిమాలి, చివరికి దొరసానమ్మతో చెబుతానని బెదిరించి తాళం తీయించాను.

గోనెపట్టాల మీద పిల్లల్ని దగ్గరగా కూర్చోబెట్టుకుని ఒక్కొక్క పేజీ తిప్పాను. మంచు కప్పిన ఊరు చూసి "ఊరంత సున్నమేసిన్రా" అన్నారు. బండి లాగుతున్న దుప్పుల్ని చూసి "ఎడ్లు లెవ్వా పాపం" అని జాలిపడ్డారు. ఇక క్రిస్మస్ తాత బొమ్మ వచ్చేసరికి ఒక్కరూ కదల్లేదు. ఎర్ర చొక్కా, ఎర్ర లాగు, ఎర్ర టోపీ, భుజాన మూట. గొర్లు కాసే ఒకాయన కూతురు ఉండేది, ఐదేళ్లది. కళ్లు గుండ్రంగా ఉంటాయని గోళీ అనేవాళ్లం. ఆ పిల్ల బొమ్మ మీద వేలు పెట్టి, "గీ తాత ఏం తింటడు?" అంది. "ఆ దేశంలో పిల్లలు రొట్టె, పాలు బయట పెట్టి పడుకుంటారు" అన్నాను. "ఎప్పుడొస్తడు?" "రాత్రి. ఎవరికీ కనపడడు." గోళీ ఇంకేమీ అడగలేదు. ప్రశ్నలు మానేసిన పిల్లను చూసి పాఠం బాగా అర్థమైందనుకుని మురిసిపోయాను. ట్రైనింగులో మాకు నేర్పిన చదువు అంతవరకే.

మర్నాడు ఇంకా గంట కొట్టకముందే గోళీ తల్లి పిల్లను చంకనేసుకుని బడికి వచ్చింది. జుట్టు ముడి కూడా వేసుకోలేదు. "పంతులమ్మా, నీ తాత ఎవడో గాని మా ఇంటాయన్ను పట్కపోయిన్రు" అంది. నాకేమీ అర్థం కాలేదు. కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. పిల్ల ఎవరికీ చెప్పకుండా జొన్నరొట్టె, ముంతలో మజ్జిగ పిట్టగోడ మీద పెట్టి పడుకుందట. తెల్లారేసరికి ఆ దారిన వచ్చిన క్యాంపువాళ్లు చూశారు. సంఘంవాళ్లకు అన్నం పెట్టినవాళ్ల వీపు చీరేస్తున్న రోజులవి. ఎవరికోసమే ఇది అని పిల్లను అడిగితే, నేను నేర్పిన పాఠం పొల్లుపోకుండా అప్పజెప్పింది: "ఎర్ర తాతకు. రాత్రి మూట పట్టుకొని వస్తడు. ఎవ్వలకు కనవడడు." ఇంకేం కావాలి వాళ్లకు?

పెద్ద పంతులు గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే మనిషి. నేను క్యాంపుకు పోదాం రమ్మంటే, "నాకేం తెలవదమ్మా. బీరువ నాది, పుస్తకం దొరసానిది, కథ నీది" అని ముగ్గురికీ వాటాలు పంచి, తన వాటా తాళం వేసుకుని కూర్చున్నాడు. నేనే పుస్తకం పైటచెంగులో చుట్టుకుని బయల్దేరాను. ఆ మనిషికి ఏమైనా అయితే ఆ పిల్ల మొహం ఎలా చూడాలి అన్నదొక్కటే మనసులో ఉంది.

క్యాంపులో అధికారి ఒకాయన, ఎక్కడి దేశస్థుడో, మీసాలు మెలేసి ఉన్నాడు. తెలుగు రాదు. పాత కచేరీ గుమాస్తా ఒకాయన తర్జుమా చేస్తున్నాడు. గోళీ నాయిన గోడవారన గొంతుక్కూర్చుని ఉన్నాడు. అప్పటికే నాలుగు తగిలించారని చూడగానే తెలిసింది. పుస్తకం బల్ల మీద పరిచి, ఇది బొమ్మ, నిజం మనిషి కాదు అని చెప్పాను. మీసాలాయన ఎర్ర తాతను చాలాసేపు చూశాడు.

"గీయనది ఏ ఊరని సాబు అడుగుతుండు" అన్నాడు గుమాస్తా.

"ఉత్తర ధ్రువం."

"గది ఏ తాలూకల వస్తదమ్మా?"

"తాలూకా ఏమీ లేదండి. రష్యా దాటి ఇంకా పైకి పోవాలి" అన్నాను. (భూగోళంలో నాకు మొదటి మార్కు. ఆ తెలివి ఎక్కడ ప్రదర్శించాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.) రష్యా మాటకు తర్జుమా అక్కర్లేకపోయింది. పక్కనున్న రైటరు రాయడం ఆపి నావైపు చూశాడు.

"మూటల ఏమున్నయి?"

"పంచిపెట్టడానికి సామాన్లు."

"ఎవరికి పంచుతడు? ఉన్నోళ్లకా, లేనోళ్లకా?"

"అందరికీ సమానంగా" అన్నాను, ఈ జవాబుతో గండం గట్టెక్కుతుందని.

గుమాస్తా నెత్తి పట్టుకున్నాడు. "తల్లీ, నేను సగం మింగి చెప్తున్న. నువ్వు ఇగ మాట్లాడకు" అన్నాడు మెల్లగా. ఆయన నిజంగానే సగం మింగాడో, లేక రెండింతలు కక్కాడో నాకు ఈనాటికీ తెలియదు. మీసాలాయన మాత్రం పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిప్పాడు, చివరి నుంచి మొదటికి తిప్పాడు, అట్ట విప్పి లోపల చూశాడు. చివరకు తీర్పు చెప్పాడు: పుస్తకం ఇంగ్లీషులో ఉంది కాబట్టి మంచిదే. దొరసాని ఇచ్చింది కాబట్టి ఇంకా మంచిదే. తాత మీద కూడా ఆయనకేమీ కోపం లేదు. అభ్యంతరమల్లా రంగు ఒక్కటే. ఎరుపు తీసేస్తే మనిషిని వదిలేస్తారు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రైటరు సిరాబుడ్డి నా ముందుకు జరిపాడు. అగ్గిపుల్లకు దూది చుట్టి, ఆ వరండాలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, పేజీ పేజీకీ తాతకు నీలం సిరా పట్టించాను. ఎరుపు మీద నీలం పడి వంకాయ రంగు తేలింది. ఎందుకైనా మంచిదని తాత బుగ్గలు, ముక్కు, పెదవులు కూడా వదల్లేదు. మీసాలాయన వచ్చి ఒక్కొక్క తాతనూ తనిఖీ చేసి, మూలనున్న ఒక ఎర్ర పండుకు కూడా సిరా పూయించి, అప్పుడు గోళీ నాయినను లెమ్మన్నాడు. ఆ మనిషి లేచి, గొంగడి భుజాన వేసుకుని, నావైపు చూడకుండా వెళ్లిపోయాడు. ఇక పిల్లను బడికి పంపడనుకున్నాను. పంపకపోయినా నేననడానికి ఏముంది?

రెండో రోజు పొద్దున పిల్లల్ని కూర్చోబెట్టుకుని అదే పుస్తకం తీశాను. (మొండితనం అనండి, రోషం అనండి.) గుమ్మంలో అలికిడైంది. గోళీ చెయ్యి పట్టుకుని వాళ్ల నాయిన నిలబడి ఉన్నాడు. "గాయన కోసం దెబ్బలు తిన్న గద పంతులమ్మా. జర మొఖమన్న సూపియ్యి" అన్నాడు. పిల్లల మధ్యకు వచ్చి, వీపు ఎక్కడా ఆనకుండా జాగ్రత్తగా కూర్చున్నాడు. నేను ఆ పేజీ తీశాను. తాత కమిలిపోయి, పెదాలు నల్లబడి, మూట మోసుకుంటూ నడుస్తున్నాడు.

గోళీ ఆ బొమ్మను చూసింది. తండ్రి కమిలిన వీపు వైపు చూసింది. మళ్లీ బొమ్మను చూసింది.

"నాయినా, తాతను గూడ కొట్టిన్రా?"

ఆయన పుస్తకం దగ్గరకు లాక్కుని, గొర్రెపిల్ల కాలు చూసినట్టు తాతను అటూ ఇటూ తేరిపార చూశాడు. "లేదు బిడ్డా" అన్నాడు. "సలికి గట్లయిండు. మీద గొంగడి లేకుండ రాత్రిపూట తిరుగుతుండు, ముసలోడు. రెండు దినాలల్ల జెప్పన పోతది." పిల్లలు హమ్మయ్య అనుకున్నారు. గోళీ తండ్రి ఒళ్లో కూర్చుని తర్వాతి పేజీ తిప్పింది.

మొన్న డిసెంబరులో నా మునిమనవరాలు రంగుపెన్సిళ్లు ముందేసుకుని, "తాతమ్మా, క్రిస్మస్ తాతకు ఏ రంగు వేయాలి?" అని అడిగింది. "ఎరుపే వేయమ్మా, ఇప్పుడేం ఫర్వాలేదు" అన్నాను. అని, వాకిట్లో ఎవరైనా ఉన్నారేమోనని ఓసారి తొంగి చూశాను. ఎవరూ లేరు. ఈ వయసులో ఇదేం భయమే నీకు అని నాలో నేనే నవ్వుకుని, తలుపు మాత్రం దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాను.