సిల్తారాలో తెలుగు కేక

ఈ రోజు రాయపూర్ దగ్గరి సిల్తారా ఫ్యాక్టరీలో క్రేన్ ఇనుప రేకుల కట్టను తెస్తుంటే, చీటీ చదువుకుంటూ సరిగ్గా దాని కింద నిలబడ్డాను. రోజంతా హిందీలో వినిపించే "హటో, హటో" కేకల్ని నా చెవులు ఎప్పుడో పట్టించుకోవడం మానేశాయి. ఇంతలో ఎవరో "తప్పుకోండి బావూ" అని అరిచారు. పక్కకు దూకాను. నేను నిలబడ్డ చోటే కట్ట జారి పడింది.

అరిచింది క్రేన్‌కు సైగలు చేసే కొత్త మనిషి, బొబ్బిలివాడు.

"నేను తెలుగువాణ్ణని నీకెలా తెలిసింది?" అన్నాను.

"తెల్దు బావూ. బయమేస్తే నాకు ఇందీ రాదు."

అమ్మ పోయాక నన్నెవరూ తెలుగులో కేకేయలేదు. అతనికి టీ ఇప్పించి, ఊరి కబుర్లు చెప్పించుకుంటూ ఇంటికెళ్లే రాయపూర్ బస్సు అందుకోలేకపోయాను. ఇంకాసేపు మాట్లాడితే బాగుండుననిపించింది.

భయమేస్తే మీ నోటికి ఏ భాష వస్తుంది? ఒక కార్డు ముక్క రాయండి, తెలుగులోనే.