కాలువ పడవలో చదువు

బందరు కాలేజీలో నేను యూరపు చరిత్ర చెప్పే రోజుల్లో, కాలువ పడవలో ఒక పెద్దావిడను చూశాను. దివిసీమలో కూతురి దగ్గర నుంచి వస్తున్నానని చెప్పింది. తెలుగు లిపిలో అచ్చయిన సంస్కృత గ్రంథం ఒళ్లో పెట్టుకుని, ఒక్కో మాట కింద వేలు జరుపుతూ పైకి చదువుకుంటోంది.

ఎదురుగా కూర్చున్న ఒక శాస్త్రిగారు కాసేపు విని, "ఆడవాళ్లు ఇవి చదవకూడదమ్మా. శాస్త్రంలో ఉంది" అన్నారు.

ఆవిడ నెమ్మదిగా తలెత్తింది. "ఏ శాస్త్రంలో ఉందండీ?"

"పెద్దలు చెప్పగా విన్నాను."

"నేనూ ఇన్నేళ్లూ విన్నానండీ. ఇప్పుడు నా కళ్లతో చూసుకుందామని చదువు నేర్చుకున్నాను. మీరన్న మాట కనిపిస్తే దాన్నీ చదువుతాను."

ఆ గొంతులో వెటకారం లేదు. ఆవిడ మళ్లీ చదవసాగింది, శాస్త్రిగారు వింటూ కూర్చున్నారు. తర్వాత ఆవిడ ఒక సమాసం దగ్గర తడబడితే ఆయనే సరిచేశారు. ఆవిడ నమస్కారం పెట్టి, ఆ మాటను మళ్లీ చదివింది.

ప్రాచీన గ్రంథాలను స్వయంగా చదివి నిజం తేల్చుకోవాలన్న ఇటలీ పండితుల గురించి నేను ఏటా పాఠం చెప్పేవాణ్ని. మనిషి బుద్ధి మీద వాళ్లకున్న గౌరవం ఎలాంటిదో ఆ పడవలో కళ్లారా చూశాను.

ఇంటికి వెళ్లాక, చదవడం నేర్చుకుంటావా అని మా అమ్మను అడిగాను. "ఈ వయసులో నాకెందుకురా" అంటూనే పక్కన కూర్చుంది. మర్నాడు నేను పిలవకముందే పలక తుడుచుకుని వచ్చింది.