ఆడకప్పకు పెట్టిన పేరు

"...పెట్టేటప్పుడు నన్నడిగావా, ఇప్పుడు తీసేటప్పుడు అడుగుతున్నావు?"

"తీసేస్తానని ఎక్కడన్నానక్కా? రెండు కప్పలూ ఒకటేనేమో అన్నాను."

"రెండూ ఒకటైతే పేరు కూడా ఒకటే మిగలాలిగా. పోయేది నాదే. ఆ మాత్రం నాకు తెలీదనుకున్నావా?"

కుట్టుమిషను ఆగింది. యూనిఫారం పొట్టి చేయించుకోవడానికి వచ్చిన నర్సు ఎటు చూడాలో తెలియక గోడవైపు చూసింది. అక్కడ ఒక కప్ప ఫొటో ఉంది. ఎండుటాకు మీద గోధుమరంగు కప్ప, వేళ్ళ చివర గుండ్రటి మెత్తలు. కింద లాటిన్‌లో రెండు మాటలు. మొదటిది ప్రజాతి పేరు, కప్పకు ఇంటిపేరు లాంటిది. రెండోది టైలరమ్మ పేరే, చివర చిన్న తోక తగిలించుకుని.

"కప్ప గురించా గొడవ?" అంది నర్సు.

"కప్ప కోసం నేనెందుకు గొడవపడతానమ్మా? నా పేరు కోసం," అని టైలరమ్మ మళ్ళీ మిషను తొక్కింది.

టైలరమ్మ చెల్లెల్ని వీధిలో అందరూ కప్పలావిడ అంటారు. ఎదుట అనరు గానీ, అన్నా ఆమె ఏమీ అనుకోదు. మ్యూజియంలో మేడమీద, కిటికీలు సగమే తెరుచుకునే గదిలో ఆమె ఉద్యోగం. చుట్టూ బీరువాల నిండా సీసాలు, సీసాల్లో స్పిరిట్, స్పిరిట్‌లో రంగు వెలిసిన కప్పలు. వానాకాలం వస్తే మాత్రం గదిలో ఉండదు. కొండెక్కుతుంది.

తల్లిదండ్రులు పోయాక ఆమెను పెంచింది అక్కే. చెల్లెలి కోసం బడి మానేసిందని చుట్టాలు చెప్పుకుంటారు. లెక్కలు రాక మానేశానని అక్క చెబుతుంది. పట్టిన కప్పల్ని వేసుకోవడానికి కొండకు తీసుకెళ్ళే సంచులు మొదటినుంచీ ఆమే కుట్టింది. మామూలు సంచిలో కుట్టు లోపలికి ఉంటుంది. వీటికి మాత్రం కుట్టు అంచులు బయటికి ఉండాలి. లోపల దారం వేలాడితే కప్ప కాలివేళ్ళు చిక్కుకుంటాయి. మొదట్లో ఒకసారి అలా చిక్కుకున్న కప్పను చెల్లెలు తెచ్చి చూపించింది. అప్పటినుంచి అక్క ప్రతి సంచీ తిరగేసి, లోపలంతా వేలితో తడిమిగానీ ఇవ్వదు.

కప్పలావిడ చూసేది పొదకప్పల్ని. వీటికి చెరువుతో పనిలేదు. పిల్ల తన తోకకప్ప దశంతా గుడ్డులోనే ముగించి, కందిగింజంత కప్పగానే బయటికొస్తుంది. చూడ్డానికి ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టుండే రెండు కప్పలు వేరు జాతులు కావచ్చు. ఒకే జాతిలో రెండు కప్పలకు పోలికే లేకపోవచ్చు. అందుకని వెతికేవాళ్ళు కళ్ళకన్నా చెవుల్ని నమ్ముతారు. ప్రతి జాతికీ ఒక అరుపు. అరిచేది మగదే కాబట్టి చేతికి చిక్కేదీ మగదే.

తప్పు అక్కడే జరిగింది. పూర్వం ఒక శాస్త్రవేత్త ఆ కొండమీద పొదల్లో అరిచే ఆకుపచ్చ బుల్లికప్పకు లాటిన్‌లో 'చిన్నది' అని పేరు పెట్టాడు. ఆయన పట్టినవన్నీ మగవి. చాలాకాలానికి, ఉద్యోగంలో చేరిన కొత్తలో, కప్పలావిడ అదే కొండమీద రాలినాకుల కింద మట్టి గుల్లచేసి గుడ్లు పెడుతున్న కప్పల్ని చూసింది. గోధుమరంగు, బుల్లికప్పకు దాదాపు రెట్టింపు సైజు, అరుపు లేదు. దొరికినవన్నీ ఆడవి. మగది దొరకలేదని వ్యాసంలో రాసింది కూడా. కొత్త జాతి అని అందరూ ఒప్పుకున్నారు. ఆమె కనిపెట్టిన జాతి అదొక్కటే. దానికి అక్క పేరు పెట్టింది.

పోయిన వానల్లో బుల్లి ఆకుపచ్చ కప్ప ఒకటి గోధుమరంగు కప్ప వీపెక్కి పొద దిగిరావడం చూసింది. ఒక్క జంటను చూసి ఆమె నమ్మలేదు. కప్పలు కూడా పొరపాటు పడతాయి. మరికొన్ని జంటలు కనిపించాక, అవి మట్టిలో పెట్టిన గుడ్లను తడి నాచు పరిచిన డబ్బాలో మ్యూజియానికి తెచ్చింది. గుడ్ల పొరలోంచి పిల్లల కాళ్ళు కదలడం చూస్తూ కూర్చుంది. పిల్లలు బతికాయి. పిల్లలవీ పెద్దవాటివీ జన్యుపరీక్షలు చేయించింది. అన్నీ ఒకే జాతి అని తేలింది. ఆ జవాబు చూసిన రోజే అక్కకు చెప్పింది. నర్సు విన్న గొడవ అదే.

ఆ వారంలోనే ఆమె పెద్దసారు గదికి వెళ్ళింది. ఆయన విభాగానికి అధిపతి. రెండూ ఒకటేనని ఆమె రాసిన వ్యాసం చదివి కళ్ళజోడు తీశాడు.

"మొగుడూ పెళ్ళాల్ని పరాయివాళ్ళని తేల్చారన్నమాట."

"అవును సార్."

"ఇంకో రెండు వానాకాలాలు చూడకూడదూ? తొందరేముంది? ఆ కొండకి మీరు తప్ప పోయేవాళ్ళెవరు? ఈలోగా నా రిటైర్మెంటు, తర్వాత మీది. ఎవరో ఒకరు చూసుకుంటారు."

ఆలోచిస్తానని చెప్పి ఆమె వచ్చేసింది.

సాయంత్రం వాన మొదలైంది. కొట్లో అక్క, ఎవరూ అడక్కుండానే, కొత్త సంచులు కుడుతోంది. కప్పలావిడ గొడుగు గుమ్మం పక్కన ఆనించి బల్లమీద కూర్చుంది.

"పోనీ, ఇంకో కొత్త కప్ప దొరికితే దానికి పెట్టు," అంది అక్క తల ఎత్తకుండా.

"కుదరదక్కా. ఒక పొదకప్పకి వాడిన పేరు ఆ ప్రజాతిలో మళ్ళీ ఇంకోదానికి పెట్టకూడదు."

"ఇదేం రూలే? చచ్చినవాళ్ళ పేర్లే మనవలకి పెట్టుకుంటారు. బతికున్నదాన్ని, నాకు కుదరదా?"

"కుదరదు."

"మరి నా పేరేమవుతుంది?"

"పాత పేరు కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. ఇదీ అదే అని."

అక్క దారం పళ్ళతో తెంపింది. "మొగుడు దొరకని కప్పకి నా పేరు పెట్టావు. తీరా ఇప్పుడు దొరికాడు, నా పేరు మింగేశాడు. ఇంతోటి సంబంధం చూశాక, నేను పెళ్ళి చేసుకోలేదని ఏడవాలా?"

చెల్లెలికి నవ్వొచ్చింది. అక్క నవ్వలేదు.

"పైగా వాడి పేరు 'చిన్నది'. నా కప్ప అంతుంది, దాన్ని చిన్నది అంటారా?"

"ముందు పెట్టిన పేరే నిలుస్తుందక్కా."

తలుపు తోసుకుని నర్సు వచ్చింది. యూనిఫారం వేసుకుని చూసుకుంటూ, ఆవేళ అడగలేకపోయిన మాట అడిగింది. "ఆ కప్పకి నిజంగానే మీ పేరా?"

టైలరమ్మ మిషను మీద నుంచి లేచింది. "నా పేరేనమ్మా. ఆ కొండమీద తప్ప ఇంకెక్కడా లేదు. మా చెల్లెలు కనిపెట్టింది. మొత్తం ప్రపంచంలో పుస్తకాలన్నిట్లో ఉంది," అని ఫొటో గాజును పైటచెంగుతో తుడిచింది. ఏళ్ళతరబడి వచ్చినవాళ్ళందరికీ చెప్పిన మాటలే, అదే వరుసలో చెప్పింది. కప్పలావిడ వింటూ కూర్చుంది. నర్సు సంతోషంగా వెళ్ళిపోయింది.

అక్క మళ్ళీ కూర్చుని, కుట్టిన సంచి తిరగేసి, లోపల వేలితో తడిమి చూసింది. చెల్లెలి వైపు చెయ్యి చాచి ఇచ్చింది.

చెల్లెలు అందుకుంది.

"అక్కా, వ్యాసం సోమవారం పంపిస్తున్నాను. తప్పు నాదే, అందుకే నా ఒక్కదాని పేరుతోనే."