పెద్దసుబ్బయ్య బండి తాగిన నూనె

వేంపల్లెలో ఎవరి బండికి జబ్బు చేసినా ముందు ఊరంతా కలిసి వైద్యం చేసి, అది కుదరనప్పుడే హెన్రీ షెడ్డుకు తోలుకొస్తారు. ఆ షెడ్డు పక్కనే నా వెల్డింగ్ అంగడి. గేట్లు, కిటికీ కమ్మీలు అతికిస్తూ ఈ వైద్యాలన్నీ చూస్తుంటాను. ఒకడు బ్యాటరీ అంటాడు, ఒకడు గాలి తక్కువంటాడు, టీ తాగడానికి వచ్చినవాడు గేరుబాక్సు దించమంటాడు. ‘నాకు తెలీదు’ అన్న మాట మా ఊళ్లో ఎవరి నోటా వినలేదు. నా నోట కూడా.

పెద్దసుబ్బయ్య శెట్టి విషయంలో మాత్రం బండిని వదిలేసి మనిషికి వైద్యం చేశారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

శెట్టికి డెబ్బై దాటాయి. సన్నగా, నిటారుగా ఉంటాడు. వేరుశనగ నూనె మిల్లు ఆయనది. వెనక మిల్లు, ముందు అంగడి, పైన ఇల్లు. ఆ ఇంట్లో భార్య వెంకటలక్ష్మమ్మ, కొడుకు రాఘవేంద్రప్రసాద్, కోడలు శ్రీవాసవి, వాళ్ల పిల్లలు, ఎప్పుడు చూసినా ఇద్దరు ముగ్గురు చుట్టాలు. కింద గుమస్తాలు, హమాలీలు. ఆ ఇంట్లో తుమ్మితే పది మంది ‘చిరంజీవ’ అంటారు.

నూనె బాగాలేదని ఎవరైనా డబ్బా వెనక్కి తెస్తే శెట్టి వాదించడు. గల్లాపెట్టె పక్కన ఒక స్టీలు చెంచా ఉంటుంది. ఆ డబ్బాలోంచే చెంచాడు తీసి తాగి, మూతి తుడుచుకుని, “ఇంగ చెప్పప్పా” అంటాడు. వచ్చినవాడు డబ్బా ఎత్తుకుని వెళ్లిపోతాడు. ఒంట్లో కొవ్వు పెరిగిందని డాక్టరు అన్నప్పుడు కొడుకు ఆ చెంచా దాచిపెట్టాడట. శెట్టి వంటింట్లోంచి గరిటె తెచ్చుకున్నాడు.

ఆయన బండి కొడుకు పెళ్లయిన కొత్తలో కొన్నది. ఎనిమిది మంది పట్టే డీజిల్ బండి, రంగు వెలిసిపోయింది గానీ ఇంజను గట్టిది. అంగడి మూసే రోజు సాయంత్రం భార్యను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తానే తోలుకుంటూ గండి దాకా పోయేవాడు. ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని, పాపాఘ్ని ఒడ్డున చాలాసేపు బండి ఆపుకుని, చీకటి పడేలోపు తిరిగి వచ్చేవాళ్లు. ఈ ముసలోళ్లకు ఇంత భక్తి ఏమిటా అని నేను ఆశ్చర్యపోయేవాణ్ణి.

ఉగాది ముందు ఆ బండి పవర్ స్టీరింగ్ పైపు పగిలి నూనె కారింది. హెన్రీ కొత్త పైపు, నూనె కారకుండా ఆపే కొత్త రబ్బరు సీళ్లు వేశాడు. హెన్రీ మాటలు తక్కువ మనిషి. ఆదివారం చర్చిలో పాట పాడేటప్పుడు తప్ప గొంతెత్తడు. బండి అప్పగిస్తూ, “స్టీరింగ్ డబ్బాలో నూనె తగ్గితే నాకు చెప్పండి శెట్టిగారూ” అన్నాడు. శెట్టి తల ఊపాడు.

ఎండలు ముదిరాక శెట్టి మిల్లు గేటును గుద్దాడు. నేను పోయి అతుకు పెట్టి వచ్చాను. కొన్నాళ్లకు అదే గేటు, అదే స్తంభం. మళ్లీ అతుకు పెట్టాను. స్టీరింగ్ బరువుగా ఉంది, తిరగడం లేదు అని ఆయన మొత్తుకున్నాడు. “బండి హెన్రీ బాగు చేసిందే గదా నాయనా, ఆడలేక మద్దెల ఓడు అంటే ఎట్లా” అన్నాడు కొడుకు. ఇంటికి వచ్చిన చుట్టాలు తలా ఒక మాట వేశారు. వయసు అన్నారు, నరాలు అన్నారు, భుజం పట్టేసింది అన్నారు. ఎవడో రాగులు తినమన్నాడు. ఒక్కడైనా బానెట్ ఎత్తి చూడలేదు. మూడోసారి గేటు గుద్దాక కొడుకు తాళంచెవి తీసుకుని తన జేబులో వేసుకున్నాడు.

పదిమంది ఒకటే మాట అంటే మనిషి నమ్ముతాడు. శెట్టి కూడా నమ్మాడు. పొద్దున్నే చేతులకు తన నూనే మర్దన చేసుకుని, మిల్లు వెనక నూనె డబ్బాలు ఎత్తుతూ దించుతూ కనిపించేవాడు. హమాలీలు పక్కకు తిరిగి నిలబడేవాళ్లు. నాకు చాలా బాధేసింది. బాధేస్తే ఏం, నేను కూడా వయసే అనుకున్నాను.

తరవాత బండిని రాజంపేట ఆసామికి అమ్మడానికి బేరం కుదిరింది. చిన్నచిన్న పనులుంటే చూడమని రాఘవేంద్రప్రసాద్ స్వయంగా షెడ్డుకు తోలుకొచ్చాడు. షెడ్డు మలుపు దగ్గర తిప్పలేక రెండుసార్లు వెనక్కి తీసి, చివరికి సీట్లోంచి సగం లేచి తిప్పాడు. దిగేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

“శానా ఎండగా ఉండాది అన్నా” అన్నాడు.

“ఔ” అన్నాడు హెన్రీ.

ఆయన పోయాక హెన్రీ ఇంజను నడుపుతూ స్టీరింగ్ అటూ ఇటూ తిప్పాడు. పంపు కుక్కపిల్లలా కుయ్‌మంది. స్టీరింగ్ డబ్బా మూత తీస్తే లోపల నూనెకు బదులు నురగ. బండి కింద అంతా నూనె తడికి దుమ్ము పట్టి అట్ట కట్టింది. అట్లా ఉంటే ఎక్కడ కారుతోందో ఎవరికీ తెలియదు. హెన్రీ డీజిల్ పోసి బ్రష్‌తో రుద్ది, పైపులు, పంపు, స్టీరింగ్ బాక్సు అన్నీ పొడిగుడ్డతో తుడిచాడు. ఆ తర్వాత నన్ను సీట్లో కూర్చోబెట్టి తిప్పమన్నాడు. తిప్పలేక నా భుజాలు పీకాయి. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దాయన వేసవంతా దీన్ని తిప్పాడు. హెన్రీ కింద పడుకుని లైటు పెట్టి చూశాడు. తాను వేసిన పైపు పొడిగానే ఉంది. పంపు సీలు దగ్గర, బాక్సు సీలు దగ్గర మాత్రం బొట్టు బొట్టుగా కడుతోంది.

“కొత్త సీళ్లు ఇంత త్వరగా ఎందుకు పోతాయప్పా” అని తనలో తాను అనుకుని, బండి కింద ఒక అట్టముక్క పరిచి ఇంటికి పోయాడు.

పొద్దున వచ్చి చూస్తే అట్టముక్క మీద చీమలు. గోడ దగ్గర నుంచి బారు కట్టి వచ్చి నూనె మరక చుట్టూ మూగాయి. హెన్రీ గొంతుక్కూర్చుని చాలాసేపు వాటిని చూశాడు. వేలితో మరక తాకి వాసన చూసి, ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టాడు. బజ్జీల అంగడి వాసన.

“చీమలు స్టీరింగ్ ఆయిల్ తాగవు” అన్నాడు.

ఇంకేమీ అనాల్సిన పని లేదు. వేంపల్లెలో ఆ వాసన నూనె ఎవరి మిల్లులోంచి వస్తుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

మధ్యాహ్నం శెట్టి నడుచుకుంటూ వచ్చాడు. ఒక్కడే. డబ్బా మూత తీసి ఉండటం చూసి, హెన్రీ ముఖం చూసి, బల్ల మీద కూలబడ్డాడు.

“రవ్వంత తగ్గి ఉండె హెన్రీ. స్టీరింగ్ నూనె తీసుకురావల్లంటే పులివెందలకు పోవల్ల. నూనె మిల్లు పెట్టుకుని నూనెకు ఇంగో ఊరికి పోయేదా అనిపించింది. మంచి నూనే పోసినా.”

“మంచిదే శెట్టిగారూ. కాగి కాగి జిగురై పోయింది. సీళ్లు ఉబ్బినాయి. అందుకే అంత బరువు.”

శెట్టి తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. ముఖంలో వెలుగు వచ్చింది, వచ్చినంత త్వరగా పోయింది కూడా.

“నా చేతులే పోయినాయని చెప్పు మావోనికి. నూనె సంగతి చెప్పాకు. బజారులో ఏమంటారో నీకు తెల్దా? బండే తాగలేకపాయె, మనుషులు ఎట్ల తాగేది అంటారు. మా తాత నాటి పేరు.”

“అబద్ధం చెప్పను. నిజమూ నా నోట రాదు.”

“సాలు” అన్నాడు శెట్టి. వచ్చినంత నిటారుగానే వెళ్లిపోయాడు. నన్నడిగితే అది మూర్ఖత్వం. బండి పోతే పోయింది, నూనె పేరు నిలబడాలనుకున్నాడు. నన్నెవరూ అడగలేదు.

హెన్రీ పని మొదలుపెట్టాడు. పంపు, బాక్సు విప్పి సీళ్లన్నీ మార్చాడు. ముందు చక్రాలు జాకీ మీద లేపి, వెనక్కి వచ్చే పైపు ఊడదీసి ఒక ఖాళీ డబ్బాలోకి వదిలి, పైనుంచి కొత్త స్టీరింగ్ ఆయిల్ పోస్తూ అటు చివర నుంచి ఇటు చివరకు తిప్పిస్తూ పోయాడు. మొదట గోధుమరంగు జిగురు వచ్చింది, తర్వాత నురగ, చివరికి శుభ్రమైన ఎర్ర నూనె. పైపు బిగించి బుడగలు ఆగేదాకా మళ్లీ తిప్పించాడు. చక్రాలు దించాక నేను ఒక్క వేలితో తిప్పాను.

బండి తీసుకుపోవడానికి రాఘవేంద్రప్రసాద్ వచ్చాడు. వెంట తల్లీ తండ్రీ వచ్చారు. ముందు సీట్లో తన దిండు ఉంది, అది తీసుకోవడానికి వచ్చానంది వెంకటలక్ష్మమ్మ. శెట్టి దూరంగా నిలబడ్డాడు. ఎదురుగా టీ అంగట్లో నలుగురు కూర్చుని ఉన్నారు.

“ఏమైంటి అన్నా దీనికి?”

“సీళ్లు పోయినాయి.”

“మొన్న నువ్వు ఏసినవే గదా?”

“ఔ.”

“మరి ఎట్ల పోయినాయి?”

హెన్రీ చేతులు తుడుచుకున్నాడు. శెట్టి వైపు చూడలేదు.

“నీ పని మింద నమ్మకంతో గదా నాయన్ను అన్నేసి మాటలన్నది. ఇట్ల చేస్తే ఎట్ల అన్నా? ఇంగ ఈ బండి మాకొద్దులే. నాయనకు ఎట్లాగూ వయసైపాయె.”

ఆ మాట పడి కూడా హెన్రీ నోరు విప్పలేదు. నేను పక్కనే వెల్డింగ్ రాడ్డు పట్టుకుని వింటున్నాను.

వెంకటలక్ష్మమ్మ దిండు చంకలో పెట్టుకుని తలుపు వేసింది. వేసి, అక్కడే నిలబడిపోయింది.

“ఈ దిండు ఇంట్లో యాడ ఏసుకోవల్ల రా నేను?”

“అదేందమ్మా, ఇంట్లో మంచాలు లేవా?”

“మంచాలుండాయి. మాట్లాడేదానికి చోటు యాడుండాది? కింద గుమస్తాలు, పైన పిల్లోళ్లు, వసారాలో చుట్టాలు. మీ నాయనతో ఒక మాట చెప్పుకోవల్లంటే ఈ బండిలోనే. గండికి పోయేది దేవునికోసరమే అనుకున్యారా? నువ్వు తాళంచెవి తీసుకున్యప్పటి నుంచి ఆయనతో నేను మాట్లాడిందే లేదు. కూడు తిన్యావా అంటా, తిన్యా అంటాడు. అంతే.”

టీ అంగట్లో గ్లాసుల చప్పుడు ఆగింది. నేను రాడ్డు కింద పెట్టాను.

శెట్టి రెండడుగులు ముందుకు వచ్చాడు.

“నూనె పోసింది నేను” అన్నాడు.

“ఏం నూనె?”

“మనదే. శెనిక్కాయ నూనె. హెన్రీ పని బాగుండాది. నా చేతులు బాగుండాయి. మన నూనే ఆ సీళ్లను పాడు చేసింది.” ఒక్క క్షణం ఆగి, టీ అంగడి వైపు తిరిగి, వినపడలేదని ఎవరూ అనలేనంత గట్టిగా మళ్లీ చెప్పాడు. “మా నూనె తినేదానికి. బండిలో పోస్తే చెడిపోతాది. నేను పోసినా, చెడిపాయె.”

నలుగురూ విన్నారు. వినలేదన్నట్టు టీ తాగారు. ఆయన భయపడిన మాట ఆ సాయంత్రానికే బజారంతా తిరిగింది. మరుసటి రోజు ఒకరిద్దరు డబ్బాలు వెనక్కి తెచ్చారని, శెట్టి గరిటె వెతుక్కున్నాడని విన్నాను.

కానీ షెడ్డు దగ్గర అప్పుడు జరిగింది ఇది. రాఘవేంద్రప్రసాద్ జేబులోంచి తాళంచెవి తీసి, తండ్రి చేతికివ్వడానికి మొహమాటపడి హెన్రీ చేతికిచ్చాడు. హెన్రీ దాన్ని శెట్టికిచ్చాడు.

“ఒకసారి తోలి చూడండి శెట్టిగారూ. నూనె అంతా తిరగల్ల.”

వెంకటలక్ష్మమ్మ దిండు మళ్లీ సీటు మీద వేసుకుని ఎక్కింది. శెట్టి వేసవంతా అలవాటైన బలంతో తిప్పేసరికి బండి గిర్రున తిరిగి నా గేట్ల మీదికి రాబోయింది. ఆపి, నవ్వి, ఈసారి మెల్లగా తిప్పాడు. మలుపు దాటకముందే ఆమె చేతులు ఊపుతూ ఏదో చెప్పడం మొదలుపెట్టింది.

పొద్దు వాలింది. వాళ్లు రాలేదు. కొడుకు బల్ల మీద కూర్చుని తండ్రికి ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేయబోయి ఫోను జేబులో పెట్టుకున్నాడు. హెన్రీ సామాను సర్దుతున్నాడు.

“రాజంపేటాయనకు బండి లేదని నేను చెప్తాలే అన్నా. ఇందాక నిన్ను అట్ల అన్నది మనసులో పెట్టుకోవాకు.”

“సరేలే.”

కాసేపు రోడ్డు వైపే చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఇట్లాంటి పాతబండి ఇంగోటి యాడన్నా వస్తే చెప్తావా?”

“ఎవరికి?”

“వాసవికీ నాకూ” అన్నాడు. “మేముండేదీ ఆ ఇంట్లోనే గదా అన్నా.”